కరెంటు ఒక దారి, ఆదేశం ఇంకో దారి: స్విమ్మింగ్ పూల్ పంపును ఇంటి ఆటోమేషన్‌కు కలిపేటప్పుడు

పొలంలో బోరు మోటారుకి ఆటో స్టార్టర్ బిగించుకున్న రైతుకి లెక్క ఒక్కటే. కరెంటు వస్తే మోటారు తిరుగుతుంది, పోతే ఆగుతుంది. రాత్రి రెండింటికి త్రీ ఫేజ్ ఇచ్చినా మంచం దిగాల్సిన పని లేదు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక, అవే ఆటో స్టార్టర్లను తీసేయమని ప్రభుత్వం రైతులను కోరాల్సి వచ్చింది. కరెంటు పోకుండా ఉంటే ఆ మోటారు ఆగకుండా తిరుగుతుంది, భూగర్భజలం అడుగంటుతుంది. కరెంటు ఉండటమే ‘తిరుగు’ అనే ఆదేశం అయినప్పుడు వచ్చే చిక్కు ఇది.

అమెరికాలో ఇళ్ళ పెరట్లో ఉండే స్విమ్మింగ్ పూల్ పంపులు కూడా దశాబ్దాల పాటు ఇదే పద్ధతిలో నడిచాయి. గోడకి ఒక ఇనప డబ్బా, దాంట్లో గడియారంలా తిరిగే టైమర్. పొద్దున ఎనిమిదింటికి దాని పిన్ను స్విచ్‌ని తోస్తే 240 వోల్టులు మోటారుకి చేరతాయి, సాయంత్రం నాలుగింటికి తెగిపోతాయి. డాలస్, హ్యూస్టన్, ఫీనిక్స్ చుట్టుపక్కల పూల్ ఉన్న ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్ళకి ఈ డబ్బా పరిచయమే. పాత పంపు పాడైంది, దాని చోట వేగం మార్చుకోగల వేరియబుల్ స్పీడ్ పంపు పెట్టి ఫోన్ నుంచి నడుపుకుందాం అనుకున్న రోజున అసలు ప్రశ్న ఎదురవుతుంది. టైమర్ నుంచి వచ్చే రెండు తీగల్నీ తీసి కొత్త పంపుకి కలిపేస్తే పంపు తిరుగుతుంది. అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది కూడా. కానీ ఆ వైరింగ్ తప్పు.

ఈ పంపుకి కరెంటు ఎప్పుడూ అందుతూ ఉండాలి. ఎప్పుడు తిరగాలి, ఎంత వేగంతో తిరగాలి అన్న మాట వేరే తీగల మీద రావాలి. పూల్ ఆటోమేషన్‌లో కనిపించే గందరగోళంలో ఎక్కువ భాగం ఈ రెంటినీ ఒకటిగా చూడటం వల్ల వస్తుంది. పెద్ద ప్రమాదాలు కూడా అక్కడి నుంచే వస్తాయి.

వేగం తగ్గితే బిల్లు ఎందుకంత తగ్గుతుంది

పూల్ పంపులు సెంట్రిఫ్యూగల్ రకం, అంటే లోపల చక్రం తిరిగి నీళ్ళని బయటికి తోసేవి. అలాంటి పంపు వేగాన్ని సగానికి తగ్గిస్తే వచ్చే నీళ్ళు సగం అవుతాయి, పీడనం నాలుగో వంతు అవుతుంది, కావలసిన పవర్ ఎనిమిదో వంతుకి పడిపోతుంది. నిమిషానికి 3,450 చుట్లు తిరిగే పంపు 2,000 వాట్లు లాగుతోంది అనుకుందాం. రోజుకి 8 గంటలు నడిపితే 16 యూనిట్లు. అదే పంపుని 1,725 చుట్లకి తగ్గిస్తే లెక్క ప్రకారం 250 వాట్లు చాలు. నీళ్ళు సగమే వస్తాయి కాబట్టి అన్ని నీళ్ళూ ఫిల్టర్ గుండా వెళ్ళాలంటే 16 గంటలు నడపాలి. అప్పుడు అయ్యేది 4 యూనిట్లు. రెట్టింపు సేపు తిరిగి, నాలుగో వంతు కరెంటు ఖర్చు చేసిందన్నమాట. ఆచరణలో వేగాన్ని మార్చే డ్రైవ్ అనే ఎలక్ట్రానిక్ భాగంలో, మోటారులో కొంత పోతుంది కాబట్టి 250 కంటే ఎక్కువే చూపిస్తుంది. అయినా తేడా పెద్దదే.

అమెరికా ఇంధన శాఖ 2017లో ఖరారు చేసిన సామర్థ్య ప్రమాణాలు 2021 జూలై 19 నుంచి అమల్లోకి వచ్చాయి. నేలలో కట్టిన పూల్స్‌కి వాడే 0.711 హైడ్రాలిక్ హార్స్‌పవర్ (నీళ్ళకి నిజంగా అందే శక్తి), ఆపై పంపుల్లో పాత సింగిల్ స్పీడ్ రకం ఆ ప్రమాణాన్ని అందుకోవడం దాదాపు కుదరని పని. అందుకే ఇవాళ అక్కడ పంపు మార్చుకునే ఇంటికి చాలావరకు వేరియబుల్ స్పీడ్ రకమే వస్తోంది. పాత వైరింగ్ మాత్రం గోడలో అలాగే ఉంటోంది.

వేగం మార్చగలిగితే దాన్ని ఇంటి ఆటోమేషన్‌కి కలపాలన్న కోరిక సహజంగానే పుడుతుంది. కాలిఫోర్నియాలో పీజీ అండ్ ఈ అనే విద్యుత్ సంస్థ సమయాన్ని బట్టి వేసే టారిఫ్‌లలో కొన్నిటికి సాయంత్రం 4 నుంచి 9 దాకా యూనిట్ ధర ఎక్కువ. ఇంటి మీద సోలార్ ఉంటే మధ్యాహ్నం కరెంటు చేతినిండా ఉంటుంది. హీటర్ వెలిగినప్పుడు వేగం పెరగాలి, రాత్రి ఎవరూ లేనప్పుడు తగ్గాలి. ఇవన్నీ పాత టైమర్ పిన్నులతో అయ్యే పనులు కావు.

కరెంటు ఎక్కడి నుంచి తీసుకోవాలి

మన ఇళ్ళలో 230 వోల్టులంటే ఒక ఫేజ్, ఒక న్యూట్రల్. అమెరికా ఇంటి 240 వోల్టులు అలా రావు. రెండు తీగలూ ఫేజ్‌లే. ఒక్కొక్కటి న్యూట్రల్‌తో చూస్తే 120, రెంటి మధ్య 240. పూల్ పంపుకి ఆ రెండూ, ఒక ఎర్త్ తీగా వెళ్తాయి. పంపుకి న్యూట్రల్ అవసరం లేదు. 3 హార్స్‌పవర్ తరగతి పంపు పూర్తి వేగంలో 16 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది కాబట్టి దానికి 20 ఆంపియర్ల రెండు పోల్స్ బ్రేకర్, 12 గేజ్ రాగి తీగ సాధారణంగా వాడతారు. పంపుతో వచ్చిన పుస్తకంలో వేరేగా ఉంటే అదే పాటించాలి.

పెరట్లో పూల్ పరికరాలన్నిటినీ నడిపే ఆటోమేషన్ ప్యానెల్ ఉన్న ఇంట్లో, దానిలోపల పంపు కోసం ఒక కాంటాక్టర్ లాంటి రిలే, అంటే ప్యానెల్ చెబితే తెరుచుకుని మూసుకునే స్విచ్, ఉంటుంది. దానికి ఒక వైపు బ్రేకర్ నుంచి వచ్చే తీగలు, రెండో వైపు మోటారుకి వెళ్ళే తీగలు. వేరియబుల్ స్పీడ్ పంపు తీగల్ని బ్రేకర్ వైపున కలపాలి, అంటే రిలే తెరుచుకున్నా మూసుకున్నా పంపుకి కరెంటు ఉండాలి. ఇంకా శుభ్రమైన పద్ధతి, ఆ రిలే జోలికే వెళ్ళకుండా బ్రేకర్ నుంచి నేరుగా పంపుకి తీసుకెళ్ళడం.

ఎందుకిలా? ఈ పంపు తల మీద ఉన్న డ్రైవ్ వచ్చిన ఏసీని ముందు డీసీగా మారుస్తుంది, పెద్ద కెపాసిటర్లలో నింపుకుంటుంది, తర్వాత తనకు కావలసిన ఫ్రీక్వెన్సీలో మళ్ళీ ఏసీ తయారుచేసి మోటారుకి ఇస్తుంది. కరెంటు వచ్చిన ప్రతిసారీ ఆ ఖాళీ కెపాసిటర్లు ఒక్క గుక్కలో బోలెడంత కరెంటు లాగుతాయి. దాన్ని అదుపు చేయడానికి లోపల ఏర్పాటు ఉంటుంది కానీ, రోజుకి నాలుగుసార్లు రిలే టకటకా కొట్టడం కోసం అది పెట్టింది కాదు. ఆపి వెంటనే వేస్తే, వేడెక్కి ఉన్న ఆ భాగం తన పని సరిగా చేయలేదు. కరెంటు తీసేసినప్పుడు పంపు తన బుద్ధిని కూడా పోగొట్టుకుంటుంది. తిరిగి కరెంటు రాగానే తెర వెలిగి, లోపలి ప్రోగ్రామ్ లేచి, పైపుల్లో గాలి ఉందేమోనని ప్రైమింగ్ వేగంలో కొన్ని నిమిషాలు తిరిగి, ఆ తర్వాత కానీ అసలు పనికి రాదు. ఆటోమేషన్ ఆదేశం పంపిస్తే వినడానికి అవతల ఎవరూ ఉండరు. చలికాలంలో పైపులు గడ్డకట్టకుండా పంపు తనంతట తాను లేచి తిరిగే రక్షణ కూడా కరెంటు లేకపోతే పనిచేయదు.

కరెంటు ఎప్పుడూ ఉంటుంది కాబట్టే, మూత తీసి పని చేసే ముందు బ్రేకర్ దించడం తప్పనిసరి. దించాక కూడా కనీసం 5 నిమిషాలు ఆగాలి. కెపాసిటర్లలో మిగిలిన చార్జ్ ప్రాణం తీసేంత ఉంటుంది. తెర మీద వెలుగు ఆరిపోవడం లోపల ఏమీ లేదనడానికి రుజువు కాదు.

నీళ్ళ పక్కన ఉండే మోటారు కాబట్టి అమెరికా నేషనల్ ఎలక్ట్రికల్ కోడ్‌లో 680వ ఆర్టికల్ మొత్తం పూల్స్ గురించే ఉంది. పంపుకి జీఎఫ్‌సీఐ రక్షణ ఉండాలి, అంటే 4 నుంచి 6 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే తెగిపోయే బ్రేకర్. ఆ కోడ్ 2020 కూర్పు ప్రకారం పాత మోటారు తీసి కొత్తది పెట్టినా ఈ రక్షణ చేర్చాల్సిందే. పంపు దగ్గర్నుంచి కనిపించేంత దూరంలో, నీటి అంచుకి కనీసం 5 అడుగుల అవతల, కరెంటు తెంచే స్విచ్ ఉండాలి. ఎర్తింగ్‌తో పాటు బాండింగ్ కూడా ఉండాలి.

ఈ రెండో మాట దగ్గర చాలామంది తికమక పడతారు. ఎర్తింగ్ పని, లీకైన కరెంటుకి తిరిగి వెళ్ళే దారి చూపించి బ్రేకర్ పడేలా చేయడం. బాండింగ్ పని అది కాదు. పూల్ గోడల్లోని ఇనప చువ్వలు, మెట్ల నిచ్చెన, పంపు ఒళ్ళు, హీటర్ ఒళ్ళు, ఆఖరికి నీళ్ళు, అన్నిటినీ 8 గేజ్ ఒంటి రాగి తీగతో కలిపి ఒకే వోల్టేజీలో ఉంచడం. తీగ మీద రెండు కాళ్ళూ ఆనించి కూర్చున్న పిట్టకి షాక్ తగలదు, ఎందుకంటే దాని రెండు కాళ్ళ మధ్య తేడా లేదు. తడి కాళ్ళతో గట్టు మీద నిలబడి నిచ్చెన పట్టుకున్న పిల్లకి కూడా ఆ తేడా ఉండకూడదు. పాత పంపు విప్పేటప్పుడు దాని అడుగున బిగించి ఉన్న ఆ రాగి తీగను ఊడదీసి, కొత్త పంపుకి తగిలించడం మర్చిపోయిన చోట్లు ఉంటాయి. పంపు చక్కగా తిరుగుతుంది కాబట్టి ఆ తప్పు ఎవరికీ కనిపించదు. కరెంటు వైపు పనిని లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చేయించాలనడానికి ఈ ఒక్క తీగ చాలు.

ఆదేశం వెళ్ళే తీగలు

పంపుతో మాట్లాడటానికి ముఖ్యంగా రెండు దారులున్నాయి. ఒకటి కొంచెం పాత పద్ధతి. పంపులో నాలుగు వేగాలు ముందే పెట్టి ఉంచి, బయట నుంచి చిన్న రిలేతో ఒక్కో టెర్మినల్‌ని తాకించడం. మొదటిది మూస్తే ఒకటో వేగం, రెండోది మూస్తే రెండో వేగం. ఇంటి ఆటోమేషన్‌లో నాలుగు రిలేల బోర్డు ఏదున్నా దీనికి చాలు. ఇక్కడ చూడాల్సిందల్లా, ఆ టెర్మినల్ ఏం కోరుకుంటోందో. కొన్ని పంపులకి వోల్టేజీ లేని ఖాళీ కాంటాక్ట్ కావాలి, కొన్నిటికి 24 వోల్టుల లాంటి తక్కువ వోల్టేజీ ఇవ్వాలి. పుస్తకం చూడకుండా ఒకదాని బదులు ఇంకొకటి ఇస్తే బోర్డు కాలిపోవచ్చు. పాత టైమర్ నుంచి వచ్చే 240 వోల్టుల తీగని ఆదేశం టెర్మినల్‌కి కలిపితే ఇక చెప్పనక్కర్లేదు.

రెండోది ఆర్‌ఎస్ 485 అనే డేటా తీగల పద్ధతి. ఫ్యాక్టరీల్లో పనిచేసినవాళ్ళకి ఇది కొత్త పేరు కాదు, యంత్రాలు మాట్లాడుకునే మోడ్‌బస్ భాష నడిచేది ఎక్కువగా దీని మీదే. ఒకదానితో ఒకటి మెలిపెట్టిన రెండు తీగలు. వాటి మధ్య వోల్టేజీ తేడా ఎటు ఉందో చూసి అవతలివాడు సున్నా, ఒకటి అని అర్థం చేసుకుంటాడు. బయటి నుంచి వచ్చే రొద రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది కాబట్టి తేడా చెడిపోదు. పక్కనే మోటార్లు తిరుగుతున్న చోట ఇది నిలబడటానికి కారణం ఆ ఏర్పాటే. ప్రమాణం ప్రకారం తక్కువ వేగంలో 1,200 మీటర్ల దాకా పోగలదు. పెరట్లో ప్యానెల్‌కి, పంపుకి మధ్య ఉండే దూరం దీని ముందు చాలా తక్కువ.

అమెరికాలో బాగా కనిపించే పెంటెయిర్ ఇంటెల్లీఫ్లో పంపునే తీసుకుంటే, ప్యానెల్‌లో డేటా తీగలు బిగించే కామ్ పోర్ట్‌కి నాలుగు రంగులుంటాయి: ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, నలుపు. ఎరుపు మీద 15 వోల్టుల డీసీ ఉంటుంది, అది రిమోట్ తెరలకి తిండి పెట్టడానికి. నలుపు గ్రౌండ్. పంపుకి కావలసినవి పసుపు, ఆకుపచ్చ మాత్రమే. పసుపు డేటా ప్లస్, ఆకుపచ్చ డేటా మైనస్. పంపుకి సొంత కరెంటు ఉంది కాబట్టి ఎరుపు తీగతో దానికి పనిలేదు. పసుపూ ఆకుపచ్చా తారుమారైతే మామూలుగా ఏదీ కాలిపోదు, పంపు పలకదు అంతే. మార్చి చూస్తే సరిపోతుంది. ప్యానెల్ అదుపులోకి వెళ్ళాక పంపు తెర మీద ‘డిస్‌ప్లే నాట్ యాక్టివ్’ అని వస్తుంది. కొత్తగా చూసినవాళ్ళు పంపు పాడైందని టెన్షన్ పడతారు. నిజానికి అది మంచి కబురు, పంపు ఇప్పుడు వేరొకరి మాట వింటోందని అర్థం.

ఇంకో కంపెనీ ప్యానెల్‌కి ఇవే రంగులు ఇదే అర్థంతో ఉంటాయని అనుకోకూడదు. తీగలు రెండే అయినా వాటి మీద నడిచే భాష కంపెనీకొకటి. ఒక కంపెనీ ప్యానెల్, ఇంకో కంపెనీ పంపు ఉన్నప్పుడు ఆర్‌ఎస్ 485 ఉంది కదా అని కొనేస్తే కలవకపోవచ్చు. అలాంటప్పుడు మొదటి దారే, అంటే రిలేలతో నాలుగు వేగాలే, ఎక్కువ భరోసా ఇస్తుంది.

డేటా తీగని 240 వోల్టుల తీగలతో కలిపి ఒకే గొట్టంలో తోయడం చాలా చోట్ల కనిపించే తప్పు. గొట్టం ఉంది, ఖాళీ ఉంది, పని తేలిక. కానీ అక్కడ పవర్ తీగ తొడుగు ఎక్కడైనా గీసుకుపోతే 240 వోల్టులు నేరుగా కామ్ పోర్ట్‌లోకి, అక్కడి నుంచి ఇంట్లో ఆటోమేషన్ నడిపే రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌లోకి వస్తాయి. మాట కూడా తెగిపోతూ వస్తుంది, ఎందుకంటే డ్రైవ్ చేసే రొదంతా ఆ తీగల మీదే ఉంటుంది. వేరే గొట్టం, ఎండకి తట్టుకునే తొడుగు, మెలిపెట్టిన జత. ఇంతకంటే ఖరీదైనది ఏదీ అక్కర్లేదు.

ఒక పంపుకి ఇద్దరు యజమానులు

ఇంటి ఆటోమేషన్‌కి హోమ్ అసిస్టెంట్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నడుపుకునే ఇంజినీర్లు ఎక్కువగా ఇక్కడే ఇరుక్కుంటారు. పెంటెయిర్ భాషని ఔత్సాహికులు తీగ మీద విని విడమరిచారు. ప్రతి సందేశానికి ముందు ఒక గుర్తు, తర్వాత ఎవరికి, ఎవరి నుంచి, ఏం చేయాలి, చివర సరిచూసుకునే మొత్తం. మొదటి పంపు చిరునామా 96, ప్యానెల్ చిరునామా 16. సెకనుకి 9,600 బిట్ల వేగం. ఆ తీగల్ని కలిపే ఒక యూఎస్‌బీ అడాప్టర్ ఉంటే ల్యాప్‌టాప్ నుంచే పంపుని తిప్పొచ్చు. నోడ్‌జేఎస్ పూల్ కంట్రోలర్ అనే ప్రాజెక్టు ఈ పని బాగా చేస్తుంది.

చిక్కు ఎక్కడంటే, అదే తీగల మీద ప్యానెల్ కూడా ఉంటుంది. అది పంపుతో ఆగకుండా మాట్లాడుతూనే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ 1,500 అంటుంది, క్షణంలో ప్యానెల్ 2,600 అంటుంది. పంపు చివరగా విన్నదాన్ని పాటిస్తుంది. వేగం ఊగుతూ ఉంటుంది, అప్పుడప్పుడు రెండు సందేశాలు ఒకదాని మీద ఒకటి పడి రెండూ చెడిపోతాయి. తీగల్లో లోపం వెతుకుతూ రోజులు గడిచిపోతాయి, లోపం మాత్రం తీగల్లో లేదు.

ప్యానెల్ ఉన్న ఇంట్లో సాఫ్ట్‌వేర్ మాట్లాడాల్సింది ప్యానెల్‌తో, పంపుతో కాదు. హోమ్ అసిస్టెంట్‌కి, ప్యానెల్‌ని ఇంటి నెట్‌వర్క్‌కి కలిపే పెంటెయిర్ స్క్రీన్‌లాజిక్‌తో ఆ నెట్‌వర్క్ మీదే మాట్లాడే అనుసంధానం ఉంది. దాంతో ‘ఈ సర్క్యూట్ వేయి’ అని ప్యానెల్‌ని అడిగితే, ఏ వాల్వ్ తిరగాలి, హీటర్ చల్లారేదాకా పంపు ఎంతసేపు నడవాలి అన్నవన్నీ అదే చూసుకుంటుంది. ప్యానెల్ అసలే లేని ఇంట్లో మాత్రం సాఫ్ట్‌వేర్ నేరుగా పంపుకి యజమాని కావొచ్చు. అప్పుడు ఒక్కసారి చెప్పి ఊరుకుంటే కుదరదు. ఆదేశం పదే పదే వస్తూ ఉండాలి, మాట ఆగిపోతే పంపు కాసేపు చూసి ఆ పని వదిలేస్తుంది. కంప్యూటర్ చచ్చిపోతే పూర్తి వేగంలో పంపు రాత్రంతా తిరగకుండా కాపాడే మంచి లక్షణం ఇది. కానీ దీని గురించి తెలియకుండా ప్రోగ్రామ్ రాసినవాళ్ళకి ‘పంపు దానంతట అదే ఆగిపోతోంది’ అనిపిస్తుంది.

సాల్ట్ సెల్ దగ్గర అసలు ప్రమాదం

ఇంతవరకు చెప్పిన తప్పుల్లో చాలావాటికి ఫలితం డబ్బు నష్టం, లేదా విసుగు. సాల్ట్ సెల్ తప్పు అలాంటిది కాదు.

ఇప్పుడు చాలా పూల్స్‌లో క్లోరిన్ డబ్బాలు పోయడం లేదు. నీళ్ళలో కొద్దిగా ఉప్పు కలిపి, పైపులో బిగించిన సెల్ గుండా పంపిస్తారు. లోపల టైటానియం పలకల మధ్య కరెంటు పారితే ఉప్పు నీళ్ళ నుంచి క్లోరిన్ పుడుతుంది. దాంతోపాటు హైడ్రోజన్ కూడా పుడుతుంది. నీళ్ళు పారుతున్నంతసేపూ ఆ హైడ్రోజన్ చిన్న బుడగలుగా పూల్‌లోకి పోయి గాలిలో కలిసిపోతుంది. నీళ్ళు ఆగిపోయి సెల్ మాత్రం పనిచేస్తూ ఉంటే ఆ వాయువు పైపులో, సెల్‌లో, ఫిల్టర్ పైభాగంలో చేరుతుంది. గాలిలో 4 నుంచి 75 శాతం దాకా హైడ్రోజన్ ఉంటే అది పేలే మిశ్రమం.

పాత వైరింగ్‌లో దీనికి తేలికైన, గట్టి రక్షణ ఉండేది. సెల్‌కి కరెంటిచ్చే డబ్బాని టైమర్‌కి అవతల, మోటారు తీగలతో పాటే కలిపేవారు. మోటారుకి కరెంటు లేకపోతే సెల్‌కీ లేదు. ఏ సాఫ్ట్‌వేరూ అక్కర్లేని కాపలా అది. కొత్త పంపు వచ్చాక దానికి కరెంటు ఎప్పుడూ ఉండాలి కాబట్టి ఎలక్ట్రీషియన్ పంపు తీగల్ని బ్రేకర్ వైపుకి మారుస్తాడు. సెల్ తీగలు పంపు తీగలతో కలిసే ఉన్నాయి కాబట్టి అవి కూడా అటే వచ్చేస్తాయి. ఆ క్షణం నుంచి పంపు ఆగి ఉన్నా సెల్‌కి 24 గంటలూ కరెంటు ఉంటుంది. పేలుడుకి, పూల్‌కి మధ్య మిగిలేది చిన్న ఫ్లో స్విచ్ ఒక్కటే. నీళ్ళు పారకపోతే అది తెరుచుకుని సెల్‌ని ఆపాలి. సున్నం గార పట్టినా, చిన్న ఆకు ముక్క ఇరుక్కున్నా అది మూసుకున్న స్థితిలోనే ఉండిపోతుంది. రెండో కాపలాగా ఉండాల్సిన పరికరం మీద మొత్తం భారం వేయడం ఇది.

పంపుకి కరెంటు దారి మార్చిన రోజే సెల్‌కి కాపలా దారి కూడా మార్చాలి. ఆటోమేషన్ ప్యానెల్ ఉంటే, పంపు నడుస్తున్నప్పుడు మాత్రమే మూసుకునే రిలే వెనక సెల్ ట్రాన్స్‌ఫార్మర్‌ని పెట్టాలి. ప్యానెల్, పంపు, సెల్ ఒకే కంపెనీవైతే పంపు నిజంగా తిరుగుతోందని తీగ మీద తెలుసుకున్నాకే సెల్‌ని వెలిగించే ఏర్పాటు కొన్నిటిలో ఉంటుంది. ప్యానెల్ లేని చోట, తాను తిరుగుతున్నప్పుడు మూసుకునే రిలే ఉన్న పంపుని ఎంచుకోవచ్చు. అదీ లేకపోతే సెల్‌కి విడిగా టైమర్ పెట్టి, పంపు వేళల కంటే ఆలస్యంగా మొదలై ముందే ఆగేలా చూసుకోవాలి. ఇది వీటన్నిటిలో బలహీనమైన మార్గం. పంపు మధ్యలో ఆగితే ఆ టైమర్‌కి తెలియదు. ఇంటి ఆటోమేషన్‌లో వైఫై ప్లగ్ పెట్టి ‘పంపు ఆగితే ప్లగ్ ఆపు’ అని రాసుకోవడం మాత్రం రక్షణగా లెక్కలోకి రాదు. రౌటర్ తడబడిన రోజున అది పనిచేయదు.

ఇలాంటి బంధమే, పూల్ అడుగుని శుభ్రం చేసే క్లీనర్ కోసం విడిగా ఉండే బూస్టర్ పంపుకీ ఉంది. పెద్ద పంపు తగినంత వేగంతో తిరిగి నీళ్ళు అందిస్తేనే బూస్టర్ తిరగాలి, లేకపోతే దాని సీల్ ఎండి కాలిపోతుంది. హీటర్‌కి కూడా కనీస ప్రవాహం కావాలి. వేగం ఎంత తగ్గించొచ్చు అన్న ప్రశ్నకి జవాబు చాలాసార్లు కరెంటు బిల్లు దగ్గర ఉండదు, సెల్ ఫ్లో స్విచ్ ఎక్కడ తెరుచుకుంటుంది, హీటర్ ఎక్కడ ఆరిపోతుంది, స్కిమ్మర్ ఆకుల్ని ఎక్కడ లాగడం మానేస్తుంది అన్న మూడు చోట్ల ఉంటుంది. ఒక మధ్యాహ్నం కూర్చుని వేగాన్ని వంద వంద చొప్పున తగ్గిస్తూ ఆ మూడు అంకెల్నీ రాసుకుంటే, తర్వాత రాసే ప్రతి ఆటోమేషన్‌కీ అదే పునాది.

ఫిల్టర్ మూత తీసి శుభ్రం చేస్తున్నప్పుడు లోపల ఎవరో ఫోన్‌లో బొమ్మ నొక్కితే పంపు లేస్తుంది. మూత సరిగా బిగించని ఫిల్టర్ ట్యాంకులో గాలి నొక్కుకుపోయి ఉంటే ఆ మూత పైకి లేచి మనిషి మీద పడుతుంది. యాప్‌లో ఆపడం చాలదు, బ్రేకర్ దించి, ఫిల్టర్ పైన ఉన్న గాలి వాల్వ్ తెరిచాకే చేయి పెట్టాలి.

ఊరికే పడిపోయే బ్రేకర్, గడ్డకట్టే రాత్రి

కొత్త పంపు పెట్టాక జీఎఫ్‌సీఐ బ్రేకర్ మాటిమాటికీ పడిపోతోందన్నది తరచుగా వినే ఫిర్యాదు. డ్రైవ్ లోపల రొదని అణచడానికి పెట్టిన ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా కొంచెం హై ఫ్రీక్వెన్సీ కరెంటు ఎర్త్‌లోకి జారుతూ ఉంటుంది. పాత తరం బ్రేకర్ దాన్ని మనిషిని తాకిన లీకేజీగా పొరబడుతుంది. పంపు తయారీదారు సిఫారసు చేసిన బ్రేకర్ వాడటం, కనెక్షన్లలోకి తడి చేరకుండా చూడటం ముందు చేయాల్సిన పనులు. విసుగొచ్చి మామూలు బ్రేకర్ పెట్టేసుకోవడం మాత్రం చేయకూడదు. నీళ్ళలో దిగేది ఇంట్లో పిల్లలు.

2021 ఫిబ్రవరిలో టెక్సాస్‌ని కమ్మేసిన మంచు తుపానులో డాలస్ ఫోర్ట్‌వర్త్ దగ్గర ఉష్ణోగ్రత ఫిబ్రవరి 16న మైనస్ 19 సెల్సియస్‌కి పడిపోయింది. లక్షల ఇళ్ళకి కరెంటు పోయింది. గాలి గడ్డకట్టే స్థాయికి దగ్గరపడితే పంపు తనంతట తాను తిరిగే రక్షణ చాలా ఇళ్ళలో ఉంది, కానీ కరెంటు లేక నీళ్ళు కదలక పైపులు, పంపుల ముందు బుట్టలు, ఫిల్టర్లు పగిలిపోయాయి. ఆ వారం తర్వాత అక్కడి తెలుగువాళ్ళ సంభాషణల్లో ‘డ్రెయిన్ ప్లగ్’ అన్న మాట చేరిందంటే ఆశ్చర్యం లేదు. కరెంటు ఎక్కువసేపు రాదని తెలిస్తే బ్రేకర్ దించి, పంపు, ఫిల్టర్, హీటర్ అడుగున ఉన్న ప్లగ్‌లు విప్పి నీళ్ళు వదిలేయడమే దారి. కరెంటు ఉన్న రాత్రి మాత్రం ఆ రక్షణ ఇంటి కంప్యూటర్ మీద ఆధారపడకూడదు. పంపులోనో ప్యానెల్‌లోనో ఉన్న సొంత సెన్సర్‌తో నడవాలి.

హైదరాబాద్ పూల్స్ సంగతి

హైదరాబాద్ శివార్లలోని విల్లాల్లో, ఫామ్‌హౌస్‌లలో కూడా పూల్స్ పెరిగాయి. అక్కడ ఇలాంటి పని చేసేటప్పుడు సూత్రం మారదు, సామాను మారుతుంది. త్రీ ఫేజ్ మోటారుకి విడిగా వీఎఫ్‌డీ (వేగం మార్చే డ్రైవ్) పెట్టి మోడ్‌బస్ మీద నడపడం ఇక్కడి ఎలక్ట్రీషియన్లకి చేతనైన పనే. ఆ డ్రైవ్‌ని కూడా ముందున్న కాంటాక్టర్‌తో రోజూ ఆపి వేయకూడదు, దాని రన్ టెర్మినల్‌తో నడపాలి. ఇక్కడ గట్టిగా చూడాల్సింది ఆర్‌సీసీబీ, అంటే లీకేజీకి తెగిపోయే మన స్విచ్. 30 మిల్లీ ఆంపియర్లది ఉంటే చాలనుకుంటారు. కానీ మార్కెట్లో తేలిగ్గా దొరికే ‘ఏసీ’ రకం, డ్రైవ్ నుంచి వచ్చే డీసీ కలిసిన లీకేజీని సరిగ్గా పసిగట్టలేదు. త్రీ ఫేజ్ కరెంటు తీసుకునే డ్రైవ్‌కి ‘బీ’ రకం కావాలి. సింగిల్ ఫేజ్ డ్రైవ్‌కి తయారీదారు చెప్పిన ‘ఏ’ లేదా ‘ఎఫ్’ రకం వాడాలి. మెయిన్స్ నుంచి జనరేటర్‌కి మారే చోట్ల కరెంటు పోయి వెంటనే రావడం మామూలే కాబట్టి, డ్రైవ్ కొంత ఆలస్యంతో లేచేలా పెట్టుకుంటే దాని ఆయుష్షు పెరుగుతుంది.

అప్పగించే ముందు

పని పూర్తయిందని చెప్పేముందు ఒక గంట పరీక్షలకి ఇవ్వాలి. యాప్‌లో ప్రతి వేగాన్నీ అడిగి, పంపు చెప్పే చుట్లు, వాట్లు సరిపోతున్నాయో చూడాలి. పంపు తిరుగుతుండగా డేటా తీగ లాగేసి, అది ఎంతసేపటికి ఏం చేస్తుందో గమనించాలి. ఇంటి వైఫై ఆపేసి, రోజువారీ వేళలు అలాగే నడుస్తున్నాయో చూడాలి. బ్రేకర్ దించి, 5 నిమిషాలాగి, మళ్ళీ ఎత్తి, ఎవరూ ఏమీ నొక్కకుండానే పంపు తన వేళకి తాను లేస్తుందో లేదో చూడాలి. జీఎఫ్‌సీఐ మీదున్న టెస్ట్ బటన్ నొక్కి అది పడుతోందని ఖాయం చేసుకోవాలి.

ఆఖరుది మీటర్‌తో చేసేది, ఎలక్ట్రీషియన్ అక్కడ ఉండగానే. యాప్ నుంచి పంపుని ఆపాలి, బ్రేకర్ మాత్రం ఎత్తే ఉంచాలి. పంపు టెర్మినల్స్ దగ్గర 240 రావాలి. సెల్‌కి కరెంటిచ్చే డబ్బా టెర్మినల్స్ దగ్గర సున్నా రావాలి. అక్కడ కూడా 240 చూపిస్తే సెల్ తీగ ఇంకా పంపు తీగతోనే ఉందని అర్థం. దాన్ని పంపు నడిస్తేనే మూసుకునే రిలే వెనక్కి మార్చేదాకా ఆ తీగని విప్పి, చివర్లు మూసి ఉంచాలి, అప్పటిదాకా క్లోరిన్ చేత్తోనే వేసుకోవాలి.